ఎన్ని చుక్కలు?

ముందు మేగజీన్ తీసి పక్కన పెట్టు.
బోల్టు వెనక్కి లాగి తూటా గదిలోకి చూడు.
చూస్తే చాలదు, చిటికెనవేలు పెట్టి తడుము.
ఖాళీ అని కళ్ళు ఊరికే అనేస్తాయి,
వేలు ఒప్పుకునేదాకా నమ్మకు,
అంటాడు ఐవర్ బాబాయి.

వంటబల్ల మీద నిరుటి క్యాలెండరు పరిచాను.
మార్చి మీద స్ప్రింగు, ఏప్రిల్ మీద పిస్టను,
మే నెల పదహారో తారీకు మీద
పోగొట్టుకుంటే ఈ దీవిలో ఇంకెక్కడా దొరకని
చిన్న పిన్ను.
కిటికీ అవతల బేరింగ్ సముద్రం
మంచు పలకల్ని ఒకదానికొకటి వేసి నూరుతోంది.

ఉప్పు తిన్న విశ్వాసం మనుషులకే.
ఉప్పు తిన్న ఇనుము
రాత్రికి రాత్రే మాట మారుస్తుంది.
పడవలో మా మీదికి ఎగిరిన అలలన్నీ
బారెల్ మీద తెల్లగా ఆరి ఉన్నాయి.
నూనె ఉప్పుని కడగదు, కప్పిపెడుతుంది.
కాగిన మంచినీళ్ళే దానికి మందు.
కెటిల్ ఎత్తి తుపాకీ మీద పోస్తుంటే
కొత్తగా వచ్చిన టీచరమ్మ కెవ్వుమంది మొన్న.

పొయ్యి దగ్గర పూర్తిగా ఆరాక
తాడుకి పీలిక కట్టి
తూటా వెళ్ళే దారినే లాగాలి, ఎదురు లాగకూడదు.
మొదటి పీలిక బొగ్గు.
మూడోది బూడిద.
ఏడోది కాస్త ముఖం కడుక్కున్నట్టుంది.
పీలికలు మా అన్న హోగార్త్ బాస్కెట్‌బాల్ చొక్కావి.
పద్నాలుగో నంబరులో ఒకటి అయిపోయింది,
ఇక నాలుగే మిగిలింది.

పోయిన వసంతంలోనూ తుడిచింది నేనే.
రొట్టెలు వేయించే పెనానికి రాసినట్టు
ఎముక లేని చేత్తో రాశాను.
మంచు అంచున, మీసాలు గడ్డకట్టే గాలిలో,
ఆ ప్రేమంతా జిగురైంది.
మొదటి తూటా వెళ్ళింది.
రెండోది
సగం మూసిన బోల్టు నోట్లో
అడ్డంగా.
బాబాయి అరచేత్తో గుద్ది గుద్ది దాన్ని సరిచేసేలోగా
దెబ్బ తిన్న వాల్రస్ నీళ్ళలోకి జారిపోయింది.
కాసేపు ఎర్రటి నీళ్ళు.
తర్వాత మామూలు నీళ్ళు.

పదకొండు ఇళ్ళకి సరిపోయే మాంసం.
పడవలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.
ఇంటిదాకా మోటారు ఒక్కటే మాట్లాడింది.
ఆ రాత్రి బాబాయి తుపాకీ తెచ్చి
ఈ బల్ల మీదే పెట్టి అడిగాడు:
"ఎన్ని చుక్కలు?"
లెక్కపెట్టలేదు, అన్నాను.
"అది లెక్కపెట్టింది," అన్నాడు.

ఇప్పుడు లెక్కపెడతాను.
బోల్టు చెవులకి చెరో చుక్క.
జారే పట్టాల మీద వేలితో అద్ది
మళ్ళీ గుడ్డతో తుడిచేయాలి.
తుడిచాక ఏది మిగిలితే అదే నూనె.
పిస్టనుకి అసలే వద్దు, అది మంటలో బతికేది,
నూనె తగిలితే మసి పట్టి మొండికేస్తుంది.
డిసెంబరు వస్తే ఈ కాస్తా తీసేసి
గ్రాఫైటు పొడి చల్లి వదిలేస్తాం.

తుడిచిన తుపాకీని ఇంట్లో పడుకోబెట్టం.
గుమ్మం బయటి చలి గదిలో,
గొడ్డళ్ళ పక్కన, సీల్ నూనె డబ్బాల వెనక.
వేట మధ్యలో జాలిపడి వెచ్చటి చోటికి తెస్తే
దానికి చెమట పడుతుంది.
ఆ చెమటే మళ్ళీ బయట
లోలోపల గడ్డకడుతుంది.

అన్నీ బిగించాను. పిన్ను దొరికింది,
మే నెలలో కాదు, నా మోచేతికి అంటుకుని.
బోల్టు లాగి వదిలాను.
ఛళ్.

గోడ అవతల బాబాయి
దంతం మీద పక్షి రెక్క చెక్కుతున్నాడు.
ఆకురాయి చప్పుడు ఆగింది.
"ఒకటెక్కువ," అన్నాడు,
మళ్ళీ మొదలుపెట్టాడు.

విప్పి చూశాను.
ఎడమ చెవి మీద, నిజమే,
మెరుస్తోంది.